సదుద్దేశం మీద నిలబడ్డ విజ్ఞాన సర్వస్వం
(రేడియో ప్రసంగ పాఠం)



మన పిల్లలు స్కూలు ప్రాజెక్టు మొదలుపెట్టగానే ముందుగా తెరిచేది వికీపీడియా. టీచర్లేమో "చూడండి గానీ, దాన్ని ఆధారంగా చూపించకండి" అంటారు. ఎవరు పడితే వాళ్ళు రాసిపోయే పుస్తకాన్ని ఎలా నమ్ముతాం అని వాళ్ళ సందేహం. అది న్యాయమైన సందేహమే. ఆ సందేహాన్ని ఇంకో వైపు నుంచి పట్టుకుని, దాని మీద చాలా ఏళ్ళు పనిచేసిన ఒక పరిశోధకుడి గురించి ఇవాళ చెప్పుకుందాం. ఆయన పేరు జోసెఫ్ రీగల్. ముక్కూ మొహం తెలియని జనం ఒక చోట చేరి, జీతం లేకుండా, పోట్లాడుకుంటూనే ఇంత పెద్ద పుస్తకం ఎలా రాయగలుగుతున్నారు అన్నది ఆయన ప్రశ్న.

ముందు ఒక చిన్న సంగతి చెబుతాను. వికీపీడియా 2001 జనవరి 15న మొదలైంది. అయితే ఆ మొదటి నెలల్లో ఎవరు ఏ పేజీలో ఏం రాశారో చూద్దామంటే చాలా ఏళ్ళపాటు వీల్లేకపోయింది. అప్పట్లో వాడిన సాఫ్ట్‌వేరు పాత ప్రతుల్ని కొంతకాలం ఉంచుకుని చెరిపేసేది. ఆ రోజుల్లో ఇది ఇంత పెద్దదవుతుందని ఎవరూ అనుకోలేదు కాబట్టి, దాచిపెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పసిపిల్లవాడి ఫొటోలు లేని ఇల్లు లాంటిదన్నమాట. 2010 డిసెంబరులో, వికీపీడియా కంప్యూటర్ల పని చూసే టిమ్ స్టార్లింగ్‌కి పాత ఫైళ్ళ మధ్య ఒక బ్యాకప్ దొరికింది. 2001 జనవరి నుంచి ఆగస్టు దాకా జరిగిన మార్పుల చిట్టా అందులో ఉంది. రీగల్ వెంటనే కూర్చుని, అందులోని మొదటి పదివేల మార్పుల్ని వరసలో పేర్చి, మామూలు మనిషి చదువుకునేలా తయారుచేసి అందరికీ అందుబాటులో పెట్టారు. చరిత్రకారుడికి పాత తాళపత్రాల కట్ట దొరికితే ఎంత సంబరమో, ఆయనకి అంత సంబరం.

ఇంతకీ ఈయన చరిత్రకారుడిగా మొదలుపెట్టిన మనిషి కాదు. మేరీలాండ్‌లోని బాల్టిమోర్ కౌంటీ క్యాంపస్‌లో కంప్యూటర్ సైన్సు చదివారు. తర్వాత ఎం.ఐ.టి.లో టెక్నాలజీ, ప్రభుత్వ విధానాల మీద మాస్టర్స్ చేశారు. 1996లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియంలో చేరారు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1994లో పెట్టిన సంస్థ అది. వెబ్ పేజీలు ప్రపంచంలో ఏ కంప్యూటరులోనైనా ఒకేలా పనిచెయ్యాలంటే కొన్ని ఉమ్మడి ప్రమాణాలు కావాలి కదా, వాటిని తయారుచేసే చోటు. అక్కడ ఆయన చేతి మీదుగా నడిచిన పనుల్లో డిజిటల్ సంతకాల ప్రమాణం ఒకటి. అది 2002లో ఖరారైంది. ఇంటర్నెట్టులో మన సొంత వివరాల గోప్యతకి సంబంధించిన ఇంకొక ప్రమాణం మీద కూడా పనిచేశారు. 2002లో ఎం.ఐ.టి. వారి టెక్నాలజీ రివ్యూ పత్రిక ప్రకటించిన వందమంది యువ ఆవిష్కర్తల జాబితాలో ఆయన పేరుంది.

ఈ ప్రమాణాల పని ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. తర్వాతి కథంతా దాని మీదే ఉంది. ఒకదానికొకటి పోటీపడే కంపెనీల ఇంజనీర్లు ఒక గదిలో కూర్చుంటారు. మెజారిటీ చేతులెత్తితే అయిపోయినట్టు కాదు. ఓడినవాడు రేపు ఆ ప్రమాణాన్ని తన సరుకులో వాడకపోతే ప్రమాణం ఉండీ లేనట్టే. అంచేత అభ్యంతరం చెప్పినవాడి మాట ఓపిగ్గా విని, జవాబు చెప్పి, అందరూ "సరే, దీనితో బతకగలం" అనేదాకా లాగాలి. మన ఊళ్ళల్లో పెద్దమనుషులు రచ్చబండ దగ్గర కూర్చుని తగువు తీర్చే పద్ధతి గుర్తొస్తుంది. సుమారు ఏడేళ్ళు ఈ పని చేశాక, యంత్రాల కంటే మనుషులు ఒప్పందానికి వచ్చే తీరే ఆయనకి ఆసక్తిగా అనిపించినట్టుంది. 2003 తర్వాత ఉద్యోగం వదిలి న్యూయార్క్ యూనివర్సిటీలో మాధ్యమాల అధ్యయన శాఖలో పిహెచ్.డి. విద్యార్థిగా చేరారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వికీపీడియా పెరుగుతోంది. దాని పుట్టుక కూడా తమాషా అయిన కథే. 2000లో జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ కలిసి నూపీడియా అనే విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. అందులో రాసేవాళ్ళు పండితులు. ప్రతి వ్యాసం ఏడు దశల పరీక్ష దాటాలి. ఫలితమేమిటంటే 2003లో మూతపడేనాటికి పూర్తయిన వ్యాసాలు పాతిక ప్రాంతంలోనే ఉన్నాయి. ఈలోగా దానికి చిత్తుకాగితంలా పనికొస్తుందని, వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో తయారుచేసిన వికీ పద్ధతిలో ఒక పక్క వేదిక పెట్టారు. వికీ అంటే హవాయి భాషలో త్వరగా అని అర్థం. హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు నుంచి కన్నింగ్‌హామ్ ఆ మాట తీసుకున్నారు. సాంగర్ తన నూపీడియా మిత్రులకి, నా మాట మన్నించి ఒక్క అయిదు పది నిమిషాలు వెచ్చించి ఓ చిన్న వ్యాసం రాసి రండి అని ఉత్తరం పంపారు. పెద్దన్న దగ్గర పడని పని తమ్ముడి దగ్గర పడింది. మొదటి ఏడాది తిరిగేసరికి వ్యాసాలు ఇరవై వేలకు చేరాయి. ఇవాళ ఒక్క ఇంగ్లీషులోనే డెబ్బై లక్షలు దాటాయి.

రీగల్ పరిశోధనకి ఇదే వస్తువు అయింది. ఆ పరిశోధన చేసిన తీరు గమనించదగ్గది. వికీపీడియాలో ప్రతి వ్యాసం వెనకా రెండు పేజీలుంటాయి. ఒకటి, ఆ వ్యాసంలో ఎవరు ఎప్పుడు ఏ మాట మార్చారో చూపించే చరిత్ర పేజీ. రెండోది, మార్పుల గురించి వాదించుకునే చర్చా పేజీ. చదవడానికి వచ్చినవాళ్ళలో చాలామంది ఈ రెండూ తెరవనే తెరవరు. రీగల్ వాటిలోనే మకాం పెట్టారు. వేరే జాతి మధ్య ఉండి వాళ్ళ ఆచారాలు రాసుకునే మానవశాస్త్రజ్ఞుడిలా, ఆ వాదాలు చదువుతూ, వికీ రచయితల సమావేశాలకి వెళుతూ, వాళ్ళు పెట్టుకున్న నియమాలు ఎప్పుడు ఎందుకు పుట్టాయో ఆరా తీశారు. 2008లో డాక్టరేటు వచ్చింది. 2010లో ఎం.ఐ.టి. ప్రెస్ దాన్ని 'గుడ్ ఫెయిత్ కొలాబరేషన్' అన్న పేరుతో పుస్తకంగా వేసింది. లారెన్స్ లెసిగ్ ముందుమాట రాశారు. మరుసటి ఏడాది అందరూ ఉచితంగా చదువుకునేలా వెబ్‌లో కూడా పెట్టారు. 2011లోనే బోస్టనులోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో అధ్యాపకుడిగా చేరారు.

ఆ పుస్తకంలో ఆయన చెప్పినదేమిటి? వికీపీడియాను నిలబెడుతున్నవి రెండు అలవాట్లు అంటారు. ఒకటి తటస్థ దృక్కోణం. ఒక విషయం మీద రెండు పక్షాలుంటే, ఎవరిది ఒప్పో తేల్చడం మన పని కాదు, ఎవరు ఏమంటున్నారో న్యాయంగా చెప్పడమే మన పని. రెండోది సదుద్దేశం. మన వాక్యాన్ని ఎవరైనా కొట్టేస్తే, వాడు దుర్మార్గుడని ముందే తీర్మానించుకోకుండా, వ్యాసం బాగుండాలనే చేశాడని అనుకుని మాట్లాడటం. వినడానికి ఇవి చిన్నప్పుడు బళ్ళో చెప్పిన నీతివాక్యాల్లా ఉంటాయి. అయితే ఆయన చెప్పిన కీలకం ఏమిటంటే ఈ రెండూ ఒకదానికొకటి ఊతం. మొదటిది విషయం పట్ల మర్యాద, రెండోది మనిషి పట్ల మర్యాద. ఒకటి లేకపోతే రెండోది నిలవదు. పుస్తకం మొదట్లోనే నియో-నాజీల ప్రస్తావన తెచ్చి, అటువంటివాళ్ళు వచ్చి పడినప్పుడు కూడా ఈ నియమాలు పాటించాలా అని వికీ రచయితలు పడిన తర్జనభర్జనను చూపిస్తారు. అంటే ఆయన తేలిక ఉదాహరణ ఎంచుకోలేదు.

విశ్వంలోని జ్ఞానమంతా ఒక చోట చేర్చాలన్న కల కొత్తది కాదని కూడా ఆయన వివరంగా రాశారు. బెల్జియంలో పాల్ ఓట్లె లక్షల కొద్దీ చీటీల మీద ప్రపంచ విజ్ఞానాన్ని వర్గీకరించబోయారు. ఎచ్.జి. వెల్స్ 1938లో 'వరల్డ్ బ్రెయిన్' అనే పుస్తకంలో, మనుషులంతా పంచుకునే విజ్ఞాన సర్వస్వం ఉంటే దేశాల మధ్య అపార్థాలు తగ్గుతాయని ఆశపడ్డారు. ఆ మరుసటి ఏడాదే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఈ కలల వెనక ఉన్నది పుస్తకం మీద మోజు మాత్రమే కాదు, మనుషులు కలిసి ఉండగలరన్న ఆశ కూడా అని రీగల్ గుర్తుచేస్తారు.

ఇక్కడ నా మాటగా ఒక పోలిక చెబుతాను. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో దిదెరో తన సుప్రసిద్ధ విజ్ఞాన సర్వస్వాన్ని 1751 నుంచి తెచ్చారు. 1759లో ప్రభుత్వం నిషేధించినా రహస్యంగా పని సాగించారు. 1764లో ఒక రోజు అచ్చయిన కాగితాలు తిరగేస్తుంటే గుండె ఆగినంత పనైంది. ఆయన ప్రచురణకర్త లె బ్రెతోన్, ప్రభుత్వానికి భయపడి, తనకి చెప్పకుండానే వ్యాసాల్లో ఘాటైన భాగాలు కోసేశాడు. అప్పటికే అచ్చయిపోయింది, చెయ్యగలిగింది లేదు. అచ్చు పుస్తకంలో ఎవరు ఏం కోశారో చదివేవాడికి తెలియదు. వికీపీడియాలో తప్పులుంటాయి, పక్షపాతం ఉంటుంది, కానీ కోత కనిపిస్తుంది. ఎవరు, ఏ రోజు, ఏ మాట అన్నది లెక్కలో ఉంటుంది. అందుకే రీగల్ లాంటివాళ్ళు దాని మీద చరిత్ర రాయగలిగారు.

అలాగని అంతా సవ్యంగా జరిగిందనుకోకండి. 2005లో జాన్ సీగెన్‌థాలర్ అనే పేరుమోసిన పత్రికా సంపాదకుడి పేజీలో, ఆయనకి కెనెడీ సోదరుల హత్యలతో సంబంధం ఉందేమోనన్న అనుమానం ఉండేదని ఎవరో వేళాకోళానికి రాశారు. నాలుగు నెలలకి పైగా అది అలాగే ఉంది. ఆ పెద్దమనిషి ఎంత బాధపడి ఉంటారో ఊహించుకోండి. ఆ తర్వాతే, ఖాతా లేనివాళ్ళు ఇంగ్లీషులో కొత్త పేజీలు పెట్టకూడదన్న నియమం వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో నేచర్ పత్రిక విజ్ఞానశాస్త్ర వ్యాసాలు నలభై రెండు తీసుకుని నిపుణుల చేత పోల్చి చూపించింది. వికీపీడియాలో 162 పొరపాట్లు, బ్రిటానికాలో 123. అంటే వ్యాసానికి ఇక్కడ నాలుగు, అక్కడ మూడు. ఆ పోలిక తీరు సరిగా లేదని బ్రిటానికా వారు గట్టిగానే ఖండించారు.

ఇలాంటి గొడవల్లో రీగల్ ఇంకొక సంగతి పట్టుకున్నారు. జనం విజ్ఞాన సర్వస్వం మీద కోప్పడేటప్పుడు అసలు కోపం వేరే చోట ఉంటుందంటారు. 1961లో వెబ్‌స్టర్స్ మూడో నిఘంటువు వచ్చినప్పుడు, జనం నోట ఉన్న మాటల్ని ఉన్నట్టు చేర్చినందుకు అమెరికాలో పెద్ద దుమారం రేగింది. భాష పాడైపోతోంది, ప్రమాణాలు పోతున్నాయి అని పత్రికలు గగ్గోలు పెట్టాయి. మన గ్రాంథిక వ్యావహారిక తగాదా ఎరిగినవాళ్ళకి ఇది కొత్తగా ఉండదు. మాట ఎవరిది చెల్లాలి అన్నదే అక్కడా ఇక్కడా పేచీ.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. తలుపులు తీసి, రండి అని పిలిచినంత మాత్రాన అందరూ వస్తారా? 2010 ప్రాంతంలో జరిగిన ఒక సర్వేలో వికీపీడియాలో రాసేవాళ్ళలో ఆడవాళ్ళు నూటికి పదమూడు మంది కూడా లేరని తేలింది. రీగల్, లారెన్ రూ అనే ఇంకొక పరిశోధకురాలితో కలిసి 2011లో వికీపీడియా, బ్రిటానికా జీవిత చరిత్రల్ని పక్కపక్కన పెట్టి లెక్కవేశారు. ఫలితం రెండు ముక్కలుగా వచ్చింది. సంఖ్య చూస్తే వికీపీడియాలోనే ఎక్కువమంది స్త్రీల చరిత్రలున్నాయి, అవి పొడుగైనవి కూడా. కానీ లేకుండాపోయిన పేర్లు తీస్తే, బ్రిటానికాతో పోల్చినప్పుడు వికీపీడియాలో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళ పేజీలు లేకపోయే అవకాశం ఎక్కువ. తాను అంత ఇష్టంగా రాసిన సముదాయం గురించే ఆయన ఈ లెక్క బయటపెట్టారు. 2013లో ఇంకొక వ్యాసంలో కారణాలు వెతికారు. ఎవరైనా రావచ్చు, ఏదైనా అనవచ్చు అన్న స్వేచ్ఛ ఉన్నచోట, గట్టిగా వాదించి నెగ్గడమే గొప్ప అయిపోతే, ఆ పద్ధతి నచ్చనివాళ్ళు చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతారు. వెళ్ళిపోయినవాళ్ళు చర్చా పేజీలో కనబడరు. కనబడరు కాబట్టి సమస్యే లేదనుకుంటారు.

ఈ మాటకి 2018లో లోకమంతా చూసిన రుజువు దొరికింది. ఆ ఏడాది అక్టోబరు 2న భౌతికశాస్త్రంలో నోబెల్ పొందినవాళ్ళలో కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీకి చెందిన డొనా స్ట్రిక్‌లాండ్ ఒకరు. మేరీ క్యూరీ, మరియా గెపర్ట్ మేయర్‌ల తర్వాత ఆ బహుమతి పొందిన మూడో మహిళ. బహుమతి ప్రకటించేనాటికి ఆవిడకి వికీపీడియాలో పేజీ లేదు. ఆమెతో పంచుకున్న జెరార్ మూరూకి ఉంది. అంతకు కొన్ని నెలల ముందే ఎవరో ఆవిడ మీద ముసాయిదా రాసి పంపితే, తగిన ఆధారాలు చూపలేదని తిప్పి పంపేశారు. తిప్పి పంపినవాళ్ళు నియమం ప్రకారమే చేశారు. ఆవిడ గురించి పత్రికలు అంతకుముందు రాయకపోవడం అసలు లోపం. లోకం పట్టించుకోని మనిషిని ఆధారాలడిగే పుస్తకం కూడా పట్టించుకోలేదు. ఈ లోటు పూడ్చడానికి 2015 నుంచి పట్టుగా పనిచేస్తున్న రచయితలున్నారు. ఇంగ్లీషు వికీపీడియా జీవిత చరిత్రల్లో స్త్రీల వాటా నూటికి పదిహేను నుంచి ఇరవై దరిదాపులకి వచ్చింది.

రీగల్ తర్వాత ఇంటర్నెట్టులో జనం రాసే వ్యాఖ్యల మీద 2015లో ఒక పుస్తకం, జీవితాన్నే చిట్కాలతో మెరుగుపెట్టుకోవాలనుకునేవాళ్ళ మీద 2019లో ఇంకొకటి రాశారు. 2020లో, వికీపీడియాకి ఇరవై ఏళ్ళు నిండుతున్నప్పుడు, జాకీ కర్నర్‌తో కలిసి ఎంతోమంది అనుభవాలతో ఒక వ్యాస సంకలనం తెచ్చారు. ఆ పుస్తకం పేరులోనే వికీపీడియాను ఇంకా పూర్తికాని విప్లవం అన్నారు.

పూర్తికాని పని మనకీ తెలుసు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకుని మూడు సంపుటాలు తెచ్చి, అక్షరమాల మొదట్లో ఉండగానే 1923లో కన్నుమూశారు. అంతటి పండితుడైనా ఒక్కడి ఆయుర్దాయం చాలలేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. తెలుగు అక్షరాలు కంప్యూటరులో సరిగ్గా కనబడటమే కష్టమైన ఆ రోజుల్లో, మొదటి ఇటుకలు పేర్చినవాళ్ళలో అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళు ఉన్నారు. అక్కడ అందరూ కలిసి మాట్లాడుకునే పేజీకి పెట్టిన పేరేమిటో తెలుసా అండీ? రచ్చబండ.

అందులో రెండు రాష్ట్రాల్లోని వేలాది గ్రామాలకి పేజీలున్నాయి. చాలా వాటిలో జనాభా లెక్కలు, బడి, బస్సు సౌకర్యం దగ్గరే ఆగిపోయాయి. మీ ఊరి చెరువు ఎవరు తవ్వించారో, బడి కోసం భూమి ఎవరిచ్చారో మీ అమ్మమ్మకి తెలుసు. కానీ ఎక్కడా అచ్చు కాలేదు కాబట్టి వికీపీడియాలో చెల్లదు. స్ట్రిక్‌లాండ్‌కి వచ్చిన ఇబ్బందే ఇక్కడా. అంచేత ముందు ఆ సంగతుల్ని ఎక్కడో ఒక చోట అచ్చులోకి తేవాలి. పాత సావనీర్లు, బళ్ళ వార్షికోత్సవ సంచికలు, జిల్లా పత్రికల కత్తిరింపులు ఇంట్లో ఉంటే పారెయ్యకండి. ఇవాళ కృత్రిమ మేధ యంత్రాలు కూడా వికీపీడియా చదివే జవాబులు నేర్చుకుంటున్నాయి. అందులో లేని ఊరు వాటికీ తెలియదు.

చివరిగా, మొదట్లో అనుకున్న టీచరుగారి సందేహం. ఎవరు పడితే వాళ్ళు రాసేదాన్ని ఎలా నమ్మడం? ఈ శనివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళకి నచ్చిన ఏదో ఒక వ్యాసం తెరిచి, వ్యాసం చదవకుండా ముందు దాని చరిత్ర పేజీ, చర్చా పేజీ చదివించండి. ఎవరు దేని మీద వాదించారో, ఏ ఆధారం చూపించారో, ఎవరు తగ్గారో, ఎవరి గొంతు అసలు వినబడలేదో వాళ్ళనే అడగండి. గుడ్డిగా నమ్మడానికీ, గుడ్డిగా కొట్టిపారెయ్యడానికీ మధ్య ఇంకొక దారి ఉందని వాళ్ళకి తెలుస్తుంది. రీగల్ ఇన్నేళ్ళూ చేసిన పని కూడా అలా చదవడమే.